రెండు చేతుల ముద్ద

మా అత్త చేతి ముద్ద తినని మనిషి మా వీధిలో లేడంటే అతిశయోక్తి కాదు. నాపరాళ్ల క్వారీలో పలకలు మోసి వచ్చే ఆడవాళ్లు, ఇంటికి పోయి వండుకునే ఓపిక లేక మా గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగితే చాలు, "ఏందే అట్టా నిలబడ్డావు, చెయ్యి కడుక్కునిరా" అని లోపలి నుంచి కేక వేసేది. వచ్చిన మనిషి చెయ్యి చాపితే అందులో ముద్ద పెట్టేది. ఇంకోటి, ఇంకోటి. చాలంటే ఊరుకునేది కాదు. ఎవరైనా మొహమాటపడితే వాళ్లను తిట్టేది కూడా.

ఆమె నాకు అత్తగారు కాకముందే మేనత్త. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. మా నాన్న నన్ను తెచ్చి మాచర్లలో తన అక్క ఒళ్లో కూర్చోబెట్టి, తిరిగి నకరికల్లు పోయి వ్యవసాయంలో పడ్డాడు. ఆమె చేతి ముద్దలు తిని పెరిగాను, పెరిగాక ఆమె కొడుకునే చేసుకున్నాను. కాబట్టి మా అత్తాకోడళ్ల మధ్య మర్యాదలు లేవు. నేనూ అరిచేదాన్ని, ఆమె కూడా అరిచేది. పక్కింటి వదిన, అంటే మెకానిక్ షెడ్డు సాయిబుగారి భార్య, "పొద్దున్నే మీ ఇద్దరి గొంతులూ ఇనపడకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు వదినా" అని నవ్వేది.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. నరసరావుపేట ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి తెచ్చుకున్నాం. కాలు కొద్దికొద్దిగా నిలదొక్కుకుంది. మాట కాస్త తడబడుతూ తిరిగొచ్చింది, మాటతో పాటు దురుసూ వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఒళ్లో పెడితే ఒళ్లోనే ఉండేది, పక్కన పెడితే పక్కనే ఉండేది. ఆసుపత్రి నుంచి బయల్దేరేటప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "మందులకన్నా తిండి ముఖ్యమమ్మా. తింటే లేచి తిరుగుతుంది. తినకపోతే వచ్చే చలికాలం గడవడం కష్టం" అన్నారు. ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు.

ఆ తినడం దగ్గరే వచ్చింది తంటా. ఎడం చేత్తో తినమంటే ససేమిరా అంది. మన ఇళ్లలో సంగతి తెలిసిందే కదా. కుడి చెయ్యి ఎంగిలవుతుంది గనక గరిటె, నీళ్ల చెంబు ఎడం చేత్తో పట్టుకుంటాం. మెతుకు తాకాలంటే మాత్రం కుడి చెయ్యే. ఎడం చెయ్యి ఎందుకుందో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. చంటిపిల్ల ఎడం చేత్తో బిస్కెట్టు పట్టుకుంటేనే చేతి మీద ఒక్కటేస్తాం. అటువంటిది, వీధి వీధికీ చేత్తో అన్నం పెట్టిన మనిషి ఆ చెయ్యి కంచంలో పెడుతుందా? చెంచా తెచ్చిచ్చాను. "ఇదేమన్నా ఆస్పత్రా?" అని విసిరికొట్టింది. చెంచా పోయి మంచం కింద పడింది. చేసేది లేక నేనే తినిపించడం మొదలుపెట్టాను.

తినిపిస్తే తింటుందా అంటే అదీ లేదు. రెండు ముద్దలు తిని చాలనేది. ఇంకొకటి అంటే పెదాలు బిగించి తల గోడవైపు తిప్పుకునేది. మొదట్లో బతిమాలాను. తరువాత తిట్టాను. "నువ్విట్టా మాడి మాడి పోతే ఊరు నన్నంటది, కోడలు కూడు పెట్టక చంపిందని!" అన్నాను. "అననియ్యి" అంది. వీపు రుద్ది స్నానం చేయించేటప్పుడు వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగిలేవి. నాకు ఏడుపొచ్చేది. నాకు ఏడుపొస్తే దాంతోపాటు కోపం కూడా వస్తుంది, అదేం రోగమో. చెంబు బండకేసి కొట్టి బయటికి వచ్చేసేదాన్ని.

అసలు మాట ఒకరోజు వదిన దగ్గర బయటపడింది. నేను పెరట్లో ఉన్నాననుకుని చెబుతోంది. "నా చేత్తో ఒకరికింత పెట్టేది లేనప్పుడు నాకెందుకే ఈ కూడు? మూగదానికి మల్లే నోరు తెరుచుకుని ఒకళ్లు పెడితే తినేదానికా?" వదిన మెల్లగా, ఎడం చెయ్యి బాగానే ఉంది కదత్తా అంది. "ఎడం చేత్తో పెడితే ఎవరు తింటారే? నా కొడుకు తింటాడా? వాడికి నా మొహం చూసి తినాల్సొస్తది, కడుపులో తిప్పుతానే ఉంటది" అంది అత్త. నేను తలుపు వెనక అలాగే నిలబడిపోయాను. లోపలికి వెళ్లి ఏమనాలో తెలియలేదు, ఎందుకంటే ఆమె అన్నది అబద్ధమని నేనూ గట్టిగా చెప్పలేను. ఆమె కొడుకు, అంటే మా ఆయన, నాకు చిన్నప్పటి నుంచీ బావ, కంచం అంచున మరక కనపడితే లేచిపోయే రకం.

బావకు ఒక పాత అంబాసిడర్ కారుండేది. బాడుగలకు తిప్పేవాడు. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసి వచ్చే వాళ్లు అప్పుడప్పుడు దొరికేవాళ్లు, వాళ్లలో ఎక్కడెక్కడి దేశాల బౌద్ధులూ ఉండేవాళ్లు. ఆ చలికాలం, కొత్త వడ్లు ఇళ్లకు చేరిన రోజుల్లో, ఒక సాయంత్రం బావ కారు లేకుండా నడిచొచ్చాడు. వెనకాల భుజానికి చిన్న సంచి తగిలించుకున్న పొట్టి పెద్దావిడ. ఆవిడ వెనకాల సూట్‌కేసు మోసుకుంటూ కళ్లద్దాల మనిషి.

"యాక్సిల్ ఇరిగింది. కారు సాయిబు షెడ్డు కాడికి తోయించా. సామాను నరసరావుపేటలో తప్ప దొరకదంట" అన్నాడు గడగడా. "ఈమె జపానామె, కొండ చూడ్డానికొచ్చింది. ఈయన గైడు, హైదరాబాదు నుంచి. రేపటిదాకా మనింట్లోనే."

నాకు ఒళ్లు మండింది. మంచంలో మనిషి ఉన్న ఇల్లు, వంటింట్లో కూరగాయ లేదు, చెప్పాపెట్టకుండా దేశం కాని దేశం నుంచి చుట్టాన్ని వెంటేసుకొచ్చాడు. చొక్కా పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాను.

"ఊళ్లో లాడ్జీలు లేవా?"

"లాడ్జీలో నల్లులే. పెద్దామె, ఏం పడుకుంటది? నా కారు వల్లే కదా ఆగిపోయింది."

ఆ మాట కాదనలేకపోయాను.

ఇక వంట. పాత బియ్యం డబ్బా అడుగంటింది. ఉన్నవి సాగర్ కాలవ కింద పండిన కొత్త బియ్యం. వాటికి ఎసరు తగ్గించాలని నాకు తెలియక కాదు, కంగారులో మామూలు కొలతే పోసి అత్తెసరు పెట్టాను. మూత తీస్తే ఏముంది, అన్నమంతా ఒకటే ముద్దయి కూర్చుంది. గరిటెతో తీస్తే గరిటెను వదలదు. మా వైపు చుట్టానికి అటువంటి అన్నం పెడితే ఆ కథ ఊళ్లు దాటిపోతుంది. తల కొట్టేసినట్టయింది. వేరే దారి లేక పప్పుచారు, చింతకాయ పచ్చడి వేసి అదే వడ్డించాను.

జపానామె నేల మీద మడమల మీద బుద్ధిగా కూర్చుంది. అన్నం వేళ్లతో కొంచెం తీసుకుని నొక్కి చూసింది. ముఖం విచ్చుకుంది. గైడుకు గబగబా ఏదో చెప్పింది.

"వాళ్ల దేశంలో అన్నం ఇలాగే ఉంటుందటండీ" అన్నాడాయన. "ఇల్లు వదిలాక ఇన్నాళ్లకు అన్నం తిన్నట్టుందంటున్నారు."

నా మనసు నొప్పించకూడదని అంటోందనుకున్నాను. కానీ మారు వేయించుకుని మరీ తింది. పైగా పప్పుచారు గిన్నె ఎడం చేత్తో నోటి దాకా ఎత్తుకుని తాగింది, అన్నానికీ ఒక గిన్నె అడిగి తీసుకుని అదీ ఎడం చేత్తోనే ఎత్తి పట్టుకుంది. మంచం మీద నుంచి అత్త కళ్లు ఇంత చేసుకుని చూసింది.

"ఏమే, సూశావా? ఎడం చేత్తో ఎత్తుకు తింటంది!"

"వాళ్ల పద్ధతేమోలే, నువ్వూరుకో" అన్నాను.

గైడు ఆవిడ సంగతులు చెప్పాడు. జపానులో ఎక్కడో కొండల మధ్య ఊరట. పాతకాలం నాటి ఇల్లట. దూరం నుంచి వచ్చే యాత్రికులు ఆ ఇంట్లో దిగుతారట. ఆవిడ వాళ్లకు వండిపెట్టడమే కాదు, వంటింట్లోకి తీసుకుపోయి వాళ్ల చేతే చేయిస్తుందట. సోయా గింజలు ఉడికించి దంచి జాడీకెత్తడం, గోధుమపిండి ముద్దను గుడ్డలో చుట్టి కాళ్లతో తొక్కి సేమ్యాలాగా కోయడం, అన్నం ముద్దలు ఒత్తడం, అన్నీ.

"కాళ్లతోనా!" అంది అత్త మంచం మీంచి.

నేనైతే నోరెళ్లబెట్టాను. "ఇదెక్కడి మర్యాదండీ! ఇంటికొచ్చిన వాళ్ల చేత చాకిరీ చేయిస్తారా? ఆ వచ్చినోళ్లు ఊరుకుంటారా?"

గైడు ఆ మాట చెప్పగానే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తిని వెళ్లినవాళ్లు మర్చిపోతారట, చేసి వెళ్లినవాళ్లు మర్చిపోరట. ఆ వంటింట్లో ఊరికే కూర్చోవడమనేది లేదట. నడవలేని ముసలాళ్లు వచ్చినా ఏదో ఒకటి చేతికిచ్చి చేయిస్తుందట. నాకది గడుసుతనంలా అనిపించింది గానీ, ఆవిడ నవ్వు చూస్తే ముచ్చటేసింది. అప్పటి నుంచి ఆవిడ నాకు జపాను పిన్ని.

ఆ తరువాత నేను కంచంలో అన్నం కలుపుకుని అత్త దగ్గర కూర్చున్నాను. పిన్ని కొంచెం దూరం నుంచి చూస్తోంది. కొత్త మనిషి ముందు తినిపించుకోవడం అత్తకు చచ్చేంత సిగ్గు. ఒక్క ముద్ద తిని పెదాలు బిగించేసింది. నేను గొంతు పెంచబోయి, చుట్టం ఉందని తమాయించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బావ, గైడు నరసరావుపేట బస్సెక్కారు. బావకు యాక్సిల్ కావాలి, గైడు హైదరాబాదుకు ట్రంకాల్ చేసుకోవాలి. ఇంట్లో మిగిలింది ఆడవాళ్లం. మా భాష ఆవిడకు రాదు, ఆవిడ భాష మాకు రాదు. వింత చూద్దామని వదిన కూడా వచ్చి కూర్చుంది.

పిన్ని వంటింట్లోకి వచ్చి గుండెల మీద చెయ్యి పెట్టుకుని, పొయ్యి చూపించి, తర్వాత మా అందరి వైపూ చూపించింది. నేను వండుతాను, మీరందరూ తినాలి అని. సరే, ఈసారన్నా పరువు నిలబెట్టుకుందామని వదిన ఇంటి నుంచి పాత బియ్యం చేటలో తెచ్చాను. పిన్ని అడ్డంగా తల ఊపింది. నేను దాచిపెట్టిన కొత్త బియ్యం డబ్బా వెతికి మరీ పట్టుకుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగింది, కడిగింది, ఇక నాకు విసుగొచ్చింది. కిరసనాయిలు స్టవ్వు ముందు గొంతుక్కూర్చుని, మంట తగ్గించీ పెంచీ వండి, దించాక మూత తియ్యకుండా అలాగే ఉంచింది. ఉడికిందో లేదో చూద్దామని నేను చెయ్యి పెడితే చేతి మీద చిన్నగా కొట్టింది.

"సూడు వదినా, నా ఇంట్లో నా గిన్నె మూత నన్ను తియ్యనియ్యదు!" అన్నాను. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది.

మూత తీశాక, ఒక గిన్నెలో నీళ్లు, ఒక సాసరులో ఉప్పు పెట్టుకుంది. రెండు చేతులూ తడిపి, అరచేతులకు ఉప్పు రాసుకుని, పొగలు కక్కే అన్నం ఎడం చేతిలో వేసుకుంది. సంచిలోంచి చిన్న డబ్బా తీసి, ముడుచుకుపోయిన ఎర్రటి పండు ఒకటి మధ్యలో నొక్కింది. నాకూ ఒకటి పెట్టింది. అచ్చం మాగాయ ముక్కే, కారం వేయడం మర్చిపోయిన మాగాయ ముక్క. తర్వాత కుడి చెయ్యి పైన మూసి, తిప్పుతూ, నొక్కుతూ, మళ్లీ తిప్పుతూ మూడు మూలల ముద్ద చేసింది. దాని చుట్టూ నల్లటి కాగితం లాంటిది చుట్టింది. వదిన దాన్ని వాసన చూసి, "కాలవలో నాచు ఇది! అల్లా, వీళ్లు నాచు కూడా తింటారు వదినా" అని ముక్కున వేలేసుకుంది. తిని చూసి, బాగానే ఉందంటూ నా ముక్క కూడా తీసుకుని తింది.

ఇక పిన్ని తన పద్ధతి మొదలుపెట్టింది. మా చేతులు పట్టుకుని నీళ్ల గిన్నెలో ముంచింది. రెండు చేతులూ.

నేనూ వదినా మొహమొహాలు చూసుకున్నాం. తినే అన్నం, ఎడం చేతిలో వేసుకుని ఒత్తడం! "మాకు కూడా ఎడం చెయ్యి పనికిరాదు వదినా" అంది వదిన మెల్లగా.

అత్త మంచం మీంచి గదమాయించింది. "ఏమే, ముట్టుకోబాకండి. రెండు చేతులూ పెట్టి పిసికితే ఆ అన్నం ఎవరు తింటారు?"

"సున్నుండలు రెండు చేతుల్తోనే చుడతాం గదత్తా?" అంది వదిన.

"అది వంట. ఇది తిండి" అంది అత్త.

అంతే, నాకెక్కడ లేని కోపం వచ్చింది. తినదు, తిననివ్వదు. అన్నం తీసి ఎడం చేతిలో వేసుకున్నాను. "అబ్బా!" చెయ్యి కాలింది. నొక్కాను, తిప్పాను. మూడు మూలలూ రాలేదు, గుండ్రంగానూ రాలేదు, సగం వేళ్ల సందుల్లోంచి బయటికొచ్చింది. పిన్ని నవ్వి, నా వెనక్కి వచ్చి, నా చేతుల మీద తన చేతులు వేసి తిప్పించింది. చిన్నవే గానీ గట్టి చేతులు, వెచ్చగా ఉన్నాయి. నన్నలా పట్టుకుని ఎవరైనా పని నేర్పి ఎన్నాళ్లయిందో. నాది కాస్త ఆకారానికి వచ్చింది. వదినది మొదటిసారే ముచ్చటగా కుదిరింది, దాన్ని అటూ ఇటూ తిప్పి నాకు చూపించి ఉడికించింది.

అప్పుడు పిన్ని మంచం వైపు చూసింది.

నీళ్ల గిన్నె, ఉప్పు, అన్నం తీసుకుని లేచింది. నేను కంగారుగా అడ్డం వెళ్లి, నా కుడి చెయ్యి వేలాడేసి చూపించి, పని చెయ్యదు అన్నట్టు తల ఊపాను. తెలుసన్నట్టు ఆవిడా తల ఊపింది. ఊపి, పోయి మంచం మీద అత్తకు కుడి పక్కన కూర్చుంది. ఒళ్లో పడి ఉన్న కుడి చేతిని తీసుకుని తడిగుడ్డతో ఒక్కొక్క వేలూ తుడిచింది, వేళ్ల సందులు తుడిచింది. నేనూ రోజూ కడిగేదాన్నే, కానీ పలక కడిగినట్టు కడిగేదాన్ని. ఆవిడ మాత్రం ఇప్పుడో ఇంకాసేపటికో ఆ చేత్తో పనుందన్నట్టు తుడిచింది. అరచేతికి ఉప్పు రాసింది.

"ఏందే ఈమె చేసేది? చెప్పవే ఆమెకి!" అంది అత్త.

"నాకు జపాను వచ్చా? నువ్వే చెప్పు" అన్నాను.

పిన్ని అన్నం ఊది ఊది చల్లార్చి, తన చెంపకు ఆనించి వేడి చూసి, ఆ కుడి అరచేతిలో పెట్టి, కింద పట్టుకున్న తన చెయ్యి తీసేసింది. పట్టులేని చెయ్యి, ఒక పక్కకు ఒరిగింది. అన్నం జారడం మొదలుపెట్టింది. మా అత్త సంగతి నాకు తెలుసు. కింద పడిన మెతుకు కనపడితే ఏరి కళ్లకద్దుకునే మనిషి. ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు. ఎడం చెయ్యి దానంతటదే వచ్చి టక్కున అన్నాన్ని పట్టుకుంది.

అత్త తన చేతుల వంక చూసుకుంది. కింద కుడి చెయ్యి, మధ్యలో అన్నం, పైన ఎడం చెయ్యి. పిన్ని ఆ రెండు చేతులనూ బయటి నుంచి తన చేతులతో పొదివి పట్టుకుని నెమ్మదిగా నొక్కించింది. తిప్పించింది. మళ్లీ నొక్కించింది. కాసేపటికి తన చేతులు తీసేసింది. ఎడం చెయ్యి ఆగలేదు. కుడి అరచెయ్యి గిన్నెలా కింద ఉంటే, ఎడం చెయ్యి ముద్దను తిప్పుతూనే ఉంది. వంకర ముద్ద ఒకటి తయారైంది. పిన్ని తల వంచి, తన భాషలో ఏదో అంది. భాష తెలియకపోయినా, బాగుంది అన్నదని తెలిసింది.

అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎవరు తింటారే దీన్ని?" అంది.

"నేను తింటా, ఇటియ్యి."

చేతులు వెనక్కి లాక్కుంది. "నువ్వు నన్ను చూసి జాలితో తింటావు. జాలితో తినే ముద్ద నేనెప్పుడూ ఎవరికీ పెట్టలా. అక్కడ పెట్టు."

పళ్లెంలో పెట్టాను. అయితే ఆమె ఆగలేదు, పిన్ని ఆపనివ్వలేదు. పిన్ని అన్నం వేయడం, అత్త ఒత్తడం. ఒక్కొక్కటీ ముందుదానికన్నా నయంగా వచ్చింది. మధ్యాహ్నానికి పళ్లెం నిండింది. పిన్ని చేసినవి, మేం చేసినవి తిన్నాం. అత్త చేసినవి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనూ తినలేదు. నేను తినిపించబోతే తల తిప్పేసుకుంది. చూపు మాత్రం గుమ్మం వైపే. కొడుకు రావాలి. వాడు తింటే ఒక సంగతి, వాడు మొహం చిట్లిస్తే ఇంకో సంగతి. ఆమె నోటితో అనలేదు గానీ నాకు తెలిసిపోయింది, వదినకూ తెలిసింది. మరక కనపడితే కంచం ముందు నుంచి లేచిపోయే మా బావ! ఆయన రాగానే సందు చివరే ఆపి చెప్పాలి, "ఏమనకుండా తిను, నీకు దణ్ణం పెడతా" అని బతిమాలాలి అనుకున్నాను. రెండుసార్లు సందు చివరిదాకా పోయి వచ్చాను.

ఆయనేమో బస్సు దిగి సరాసరి షెడ్డుకు పోయాడట. యాక్సిల్ బిగించేదాకా ఇంటి మొహం చూడలేదు. పొద్దువాలే వేళ నేను కుళాయి దగ్గర బిందె పట్టుకుంటుంటే, పెరటి దారిన వచ్చేశాడు. "ఆకలి దంచేస్తందే, ఏమన్నా ఉందా?" అన్న కేక లోపలి నుంచి వినపడి, బిందె అక్కడే పడేసి పరిగెత్తాను.

నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి జరగాల్సింది జరిగిపోతోంది. బావ మంచం ముందు నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజు. వెనకాల గైడు. గోడవారగా పిన్ని, వదిన. అత్త ఎడం చేత్తో ఒక ముద్ద తీసి కొడుకు వైపు చాపింది.

బావ ఆ చెయ్యి చూశాడు. వాళ్లమ్మ మొహం చూశాడు. చెప్పడానికి ఇక వ్యవధి లేదు. ఆయన అందుకోవడానికి తన చెయ్యి చాపబోయి, గ్రీజు చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు. గొంతుక్కూర్చుని, చంటిపిల్లాడిలా నోరు తెరిచాడు.

అత్త ఇంకాస్త ముందుకు వంగింది. ముద్ద నోట్లో పెట్టింది.

నమిలాడు. మళ్లీ నమిలాడు. ఆగాడు. మొహం చిట్లించాడు.

"ఏందమ్మా ఇది, కారమే లేదు! చానా సప్పగా ఉంది. జొరమొచ్చినోళ్లకు పెట్టే అన్నమా?"

నాకు ఆయన్ని అక్కడే చంపేయాలనిపించింది. జబ్బు చేసిన దగ్గర నుంచి అత్తను ఒక్క మాట అన్న వాళ్లు లేరు. ఏం చేసినా బాగుంది, ఏం చెప్పినా సరే అనడమే, నేను తప్ప. మెల్లగా అత్త మొహంలోకి రంగు వచ్చింది.

"ఓరి నీ నోరు పడిపోను! పొద్దున్నుంచి కూర్చుని చేస్తే వంకలు పెడతావురా, సచ్చినోడా? అదేదో వాళ్ల దేశం వంట, దాంట్లో కారముండదు! ఏమే, ఎక్కడ చచ్చావు? పండుమిరపకాయ పచ్చడి తీసకరా! నూనె తే! వీడికి కారం కావాలంట, పెడతా!"

పరిగెత్తుకెళ్లి జాడీ తెచ్చాను. అత్త ఆ ముద్దలన్నీ ఒక్కొక్కటే చిదిమేసింది. పిన్ని అయ్యో అన్నట్టు చెంపల మీద చేతులు వేసుకుని, అంతలోనే పకపకా నవ్వేసింది. పళ్లెం కదలకుండా అత్త దాని అంచు మీద కుడి చెయ్యి బరువుగా పెట్టుకుని, పచ్చడి వేసి నూనె పోసి ఎడం చేత్తో కలిపింది. చేతికి అలవాటు లేదు, సగం పచ్చడి ఒక పక్కే ఉండిపోయింది. కొడుక్కి పెట్టింది. "ఆ, ఇప్పుడు అన్నంలా ఉంది" అని ఆయన మళ్లీ నోరు తెరిచాడు. వదిన చెయ్యి చాపింది. గైడు కొంచెం తటపటాయించి చాపాడు, తిన్నాక తటపటాయించకుండా చాపాడు. పిన్ని రెండు అరచేతులూ కలిపి అందుకుని, తల వంచి, నోట్లో పెట్టుకుంది. మొహమంతా ఎర్రబడింది. ముక్కు కారింది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. చెంబెడు నీళ్లు తాగి, మళ్లీ రెండు చేతులూ చాపింది.

నాకు పెట్టేటప్పుడు అత్త నా మొహంలోకి చూసింది.

"ఏందే ఏడుస్తన్నావు, కారంగా ఉందా?"

"ఆ, మంటెత్తిపోతంది" అన్నాను.

పళ్లెంలో కాస్త అన్నం మిగిలింది. అందరూ తిన్నారు, ఇక మిగిలింది ఆమే. నేను గబగబా చెయ్యి కడుక్కొచ్చి, రోజూలాగే పక్కన కూర్చుని, తినిపిద్దామని పళ్లెం నా వైపు లాక్కున్నాను. అత్త ఎడం చేత్తో నా చెయ్యి పక్కకు నెట్టేసింది.

"నువ్వు లేచి అవతలికి పోవే. నా అన్నం నేను తింటా" అంది.